తెలుగు రాసే చెయ్యి ఒకటి కావాలి

నా చెయ్యి మొదటిసారి మొండికేసింది ఒక మంగళవారం. ఏ వారమో ఇంత బాగా ఎందుకు గుర్తుందంటే, డైరీలో పేజీ పైన అప్పుడు ఆ మాటే రాస్తున్నాను. 'మంగ' వరకూ బాగానే వచ్చింది. 'ళ' చుట్టేటప్పుడు చూపుడువేలు దానంతటదే లోపలికి ముడుచుకుంది, బొటనవేలు పెన్నుని నొక్కేసింది, మణికట్టు కిందికి వంగింది. అక్షరం తోక పేజీ అంచుదాకా జారిపోయింది. పెన్ను కింద పెట్టాను. చెయ్యి వెంటనే మామూలైపోయింది. మళ్ళీ తీశాను. మళ్ళీ ముడుచుకుంది.

చలికాలం. ఫరీదాబాద్‌లో జనవరి సాయంత్రాలు వేళ్ళు కొయ్యబారిపోతాయి. చలికే అనుకుని, టీ పెట్టుకుని గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకున్నాను. గ్లాసు పట్టుకుంటే ఏమీ కాలేదు. జడ వేసుకున్నా, ఉల్లిపాయలు తరిగినా, ఫోన్లో టైప్ చేసినా ఏమీ కాలేదు. పెన్ను పట్టుకుంటేనే.

ఆ పేజీ ఇప్పటికీ ఉంది. 'మంగ' తర్వాత ఒక గీత. అంతే.

నా గురించి కొంచెం చెప్పకపోతే ఇది ఎందుకంత పెద్ద విషయమైందో తెలియదు. అమ్మ ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నాన్న లేరు. నేను ఇంటర్ దాకా నరసాపురం దగ్గర అమ్మమ్మ ఇంట్లో పెరిగాను. అమ్మమ్మ పోయాక అమ్మ నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. నాకొచ్చిన హిందీ స్కూల్లో చదివినంతే. నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు నవ్వుతారేమోనని తెరిచేదాన్ని కాదు. నిజం చెప్పాలంటే తెలుగులోనూ పెద్దగా తెరిచింది లేదు. ఇక్కడి కాలేజీలో చేరే ధైర్యం లేక, తెలుగు సాహిత్యం తీసుకుని బి.ఏ. దూరవిద్యలో చేరాను. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. పరీక్షలకి ఢిల్లీలో ఒక సెంటరు ఉండేది. నాకు ఒక్క క్లాస్‌మేట్ మొహం కూడా తెలియదు. అమ్మ డ్యూటీకి వెళ్ళాక సాయంత్రం వరకూ ఇంట్లో నేనొక్కదాన్నే. ఏడో తరగతి నుంచీ రాస్తున్న డైరీ మాత్రం ఉండేది. రోజంతా ఎవరితో ఏమీ మాట్లాడకపోయినా ఆ పేజీతో మాట్లాడేదాన్ని.

మొదట ఆగినవి అసైన్‌మెంట్లు. మా యూనివర్సిటీకి అవి చేత్తోనే రాసి పంపాలి. పేజీకి గంట పట్టేది. లావు పెన్ను కొన్నాను, జెల్ పెన్ను కొన్నాను, పెన్నుకి రబ్బరు బ్యాండ్లు చుట్టాను. ఒక్కోటి రెండు రోజులు పనిచేసేది. తర్వాత పెన్నుని పిడికిట్లో పట్టుకుని భుజంతో రాయడం నేర్చుకున్నాను. ముంజేయి రాయిలా బిగుసుకుపోయేది. అమ్మకి చెప్పలేదు. ఏమని చెప్పాలి? చెయ్యి నొప్పి అంటే ఆమె చూసే నొప్పుల ముందు ఇదేపాటి?

జూన్ పరీక్షలకి లక్ష్మీ నగర్ దగ్గర ఒక స్కూల్లో సెంటరు పడింది. మొదటి ప్రశ్నకి సగం జవాబు రాసేసరికి చెయ్యి ఆగిపోయింది. చుట్టూ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. నాకు జవాబులన్నీ తెలుసు, పద్యాలు నోటికి వచ్చు. అవి నోట్లోనే ఉన్నాయి. రెండు గంటలు అలా కూర్చున్నాను. ఇన్విజిలేటర్ మేడం వచ్చి, "హో గయా, బేటా?" అంది. తల ఊపాను.

"ఇంతేనా? చదువుకోలేదా?" అని హిందీలో అడిగింది. దానికీ తల ఊపాను. చెయ్యి రాయడం లేదని చెప్పడానికి మాటలు కూర్చుకునేలోపు ఆవిడ పక్క వరసలోకి వెళ్ళిపోయింది.

ఆ టర్మ్‌లో రాసిన పేపర్లన్నీ పోయాయి.

రిజల్టు చూసి అమ్మ, "ఇదేంటే కరుణా, పొద్దస్తమానం పుస్తకాలే కదా పట్టుకు కూర్చుంటావు" అంది. అప్పుడు చెప్పాను. "ఏదీ, చెయ్యి ఇలా తే" అని నర్సులా పట్టుకుంది. "నా వేళ్ళు గట్టిగా నొక్కు. తొయ్యి. లాగు." అన్నీ చేశాను. "పవర్ బాగానే ఉందే," అంది.

వాళ్ళ ఆసుపత్రిలోనే చూపించాం. సిస్టరు కూతుర్ని కాబట్టి లైన్లో ముందు పంపేవారు. ఆర్థో డాక్టరు పది రోజులు స్ప్లింట్ కట్టారు. అది తీశాక ఏ తేడా లేదు. తర్వాత నరాలకి నెర్వ్ కండక్షన్, కండరాలకి ఈఎంజీ, మెడకి ఎంఆర్ఐ, థైరాయిడ్, రక్తంలో కాపర్. ఒక్కో రిపోర్టు కవరు అమ్మే చింపి, నిలబడే చదివేది. "నెర్వ్ టెస్టు నార్మల్." "స్పైన్ నార్మల్." "థైరాయిడ్ నార్మల్." ప్రతిసారీ ఆమె మొహం తేలికపడేది. నాకు మాత్రం ఒక్క కాగితమైనా నా వైపు మాట్లాడితే బాగుండునని ఉండేది.

చివరికి పెద్ద డాక్టరుగారు ఫైలు మూసి, "ఎగ్జామ్ స్ట్రెస్. యోగా చెయ్యమనండి. థోడా కమ్ సోచో, ఎక్కువ ఆలోచించకు బేటా," అన్నారు.

తిరిగొస్తూ ఆటోలో అమ్మ, "రిపోర్టులు అబద్ధం చెప్పవు కదే," అంది.

"మరి నేను చెప్తున్నానా?"

"అలా అన్లేదు."

ఆ ఏడాదంతా మా మధ్య మాటలు దాదాపు ఆపాటివే. డైరీ ఖాళీగా ఉండిపోయింది. ఫోన్లో టైప్ చేసి చూశాను గానీ, అది ఎవరికో పంపాల్సిన మెసేజ్‌లా కనిపించేది, పంపడానికి ఎవరూ లేరు. రోజంతా చదివేదాన్ని. చదివినదాని గురించి ఒక్క ముక్క ఎక్కడా పెట్టుకోలేకపోవడంతో, రాత్రి తిన్నది పొద్దుటికి గుర్తులేనట్టు ఉండేది.

అమ్మతో పాటు నర్సింగ్ చదివిన ఆంటీ ఒకావిడ ఢిల్లీలో పెద్ద గవర్నమెంటు ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఫోన్లో ఏదో మాటల్లో అమ్మ నా సంగతి చెబితే, "మూవ్‌మెంట్ డిజార్డర్స్ క్లినిక్‌లో చూపించవే, కదలికల జబ్బులకి వేరే డాక్టర్లుంటారు," అందట. పొద్దున్నే మెట్రో ఎక్కి వెళ్ళి, మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. డాక్టరు చిన్నావిడే. అమ్మ ఫైలు ముందుకు తోస్తే పక్కన పెట్టి, నాకొక పెన్నూ కాగితమూ ఇచ్చింది.

"పేరు రాయి. తర్వాత ఏదైనా రెండు లైన్లు."

"తెలుగులో రాయొచ్చా?"

"ఏ భాషైనా సరే. నేను అక్షరాలు చూడటం లేదు, చెయ్యి చూస్తున్నాను."

రాశాను. వేలు ముడుచుకుంది, మణికట్టు వంగింది. ఆవిడ నన్నడిగి వీడియో తీసుకుంది. తర్వాత చెంచా పట్టుకోమంది, బొత్తాం పెట్టుకోమంది, ఫోన్లో టైప్ చెయ్యమంది.

"పెన్నుతో మాత్రమేనా?"

"పెన్నుతో మాత్రమే."

"రైటర్స్ క్రాంప్. ఫోకల్ డిస్టోనియా అంటాం," అంది. "నరం బాగుంది, కండరం బాగుంది. రాసేటప్పుడు మాత్రం బ్రెయిన్ నుంచి తప్పు ఆర్డరు వెళ్తోంది. అందుకే రిపోర్టులన్నీ నార్మల్ వస్తాయి. నువ్వు ఊహించుకుంటున్నది కాదు ఇది." ఒక్క క్షణం ఆగి నవ్వింది. "తలలోనే ఉంది, కానీ వాళ్ళన్న అర్థంలో కాదు."

తిరిగొస్తూ మెట్రోలో నాకు సీటు దొరికింది, అమ్మకి దొరకలేదు. ఎదురుగా నిలబడి, ఫైలు గుండెకి ఆనించుకుని, నా కుడి చేతివైపే చూస్తూ వచ్చింది.

పేరు దొరికితే సగం తగ్గినట్టే అనుకున్నాను. అలా ఏం జరగలేదు. ముందు మాత్రలు ఇచ్చారు. వాటికి నోరు ఎండిపోయేది, అక్షరాలు మసకబారేవి. రాయడం పోయి, ఇప్పుడు చదవడం కూడా పోతుందేమోనని భయపడి చెబితే ఆపేశారు. తర్వాత బోటాక్స్. అందం కోసం వేసేదే, ముంజేతి కండరాల్లో చిన్న డోసు. సూదికి కట్టిన మిషన్ గరగరమంటుంటే డాక్టరు ఆ చప్పుడు విని సరైన కండరం వెతుక్కుంటుంది. మొదటి డోసు ఎక్కువైంది. వేళ్ళు ముడుచుకోవడం ఆగింది గానీ అసలు పట్టే లేకుండా పోయింది. నీళ్ళ గ్లాసు జారి పగిలింది. చపాతీ తుంచడానికి ఎడమ చెయ్యి వాడాల్సొచ్చింది.

"సారీ, డోసు కొంచెం ఎక్కువ పడింది. మూడు నెలల్లో దానంతటదే పోతుంది," అంది డాక్టరు. పోయింది. రెండోసారి తగ్గించి వేస్తే అర పేజీ రాయగలిగాను. ఆ రోజు ఇంటికొచ్చి డైరీ తీసి ఆ అర పేజీ దాని మీదే ఖర్చుపెట్టాను.

ఆక్యుపేషనల్ థెరపీలో ఎడమ చేత్తో రాయడం నేర్పారు. ఒకటో తరగతి పిల్లలా అ, ఆలు దిద్దాను. రెండు నెలలకి వరస కుదిరింది. మూడో నెలలో ఎడమ చూపుడువేలు కూడా ముడుచుకోవడం మొదలుపెట్టింది. "కొంతమందికి అలా అవుతుంది," అంది డాక్టరు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"పూర్తిగా తగ్గుతుందా?"

"కొంతమందికి. దాని కోసం ఆగి కూర్చోవద్దు. పరీక్షలకి స్క్రైబ్‌ని, నువ్వు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని, ఎందుకు అడగలేదు?"

అడగొచ్చని నాకు తెలియదు. కళ్ళు లేనివాళ్ళకీ, చేతులు లేనివాళ్ళకీ ఇస్తారని విన్నాను. నా చెయ్యి ఉంది కదా.

అప్పటికి నా రిజిస్ట్రేషన్ గడువులో ఒక్క డిసెంబరు పరీక్షలే మిగిలాయి. ఆరు పేపర్లు ఉన్నాయి. అవి రాయకపోతే పాసైనవి కూడా పోయి, మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి.

డిసెబిలిటీ బోర్డులో ఒకాయన నా చేత తలుపు గడియ తీయించి, వేయించి, "సబ్ తో కర్ లేతీ హో, అన్నీ చేసుకోగలుగుతున్నావుగా," అన్నారు. వైకల్యం ముప్ఫై శాతమని రాశారు. స్టడీ సెంటరులో మఫ్లర్ కట్టుకున్న క్లర్క్‌గారు అది చూసి, "ఫార్టీ పర్సెంట్ కావాలి, బేటా," అని వెనక్కి ఇచ్చేశారు. నేను ఇంటికొచ్చేశాను. తర్వాత క్లినిక్‌లో డాక్టరు చెప్పింది, నలభైకి తక్కువున్నా రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి వేరే ఫారం ఉందని, దాని మీద చీఫ్ మెడికల్ ఆఫీసర్ సంతకం ఉంటే చాలని. ఆ సంతకం కోసం మూడుసార్లు తిరిగాం. ఈసారి స్టడీ సెంటరుకి ఆ నియమం ప్రింటు తీసుకుని, హిందీలో ఏం చెప్పాలో ఫోన్లో రాసుకుని, మెట్రోలో పెదాలతో వల్లెవేసుకుంటూ వెళ్ళాను. తీరా వెళ్ళాక కాగితాలు క్లర్క్‌గారి ముందు పెట్టి ఊరికే నిలబడ్డాను.

రెండుసార్లు చదివారాయన. "అచ్ఛా. ఇది మా దాకా రాలేదు," అని మఫ్లర్ వదులు చేసుకున్నారు. "ఠీక్ హై. గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ ఇస్తారు. స్క్రైబ్‌ని నువ్వే తెచ్చుకోవాలి. నీకంటే ఒక మెట్టు తక్కువ చదివుండాలి. అంటే ట్వెల్త్ దాటకూడదు. పేపరు ఏ భాషలో?"

"తెలుగు."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "దిల్లీలో తెలుగు రాసేవాళ్ళు, అదీ ట్వెల్త్ లోపు. ఢూంఢ్ లో, వెతుక్కో బేటా. దొరికితే నాకూ చూపించు."

ఆయన వెక్కిరించలేదు. అదెంత కష్టమో నాకు అర్థం కావడానికి ఒక ఆదివారం పట్టింది.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు ఒక స్కూలు హాల్లో కూడుతుంది. నర్సులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు. అమ్మ చెప్పగా పాస్టరు అయ్యగారు ప్రకటనల్లో చదివారు: "మన కరుణకి పరీక్షలు రాసిపెట్టడానికి తెలుగు రాసే చెయ్యి ఒకటి కావాలి. ఇంటర్ దాటి చదివుండకూడదు."

ముందు వరసలో సెక్షన్ ఆఫీసర్ అంకుల్ ఒకాయన, "తక్కువ చదివినవాళ్ళు కావాలని మీరు అడగడం ఇదే మొదటిసారి అయ్యగారూ," అన్నారు. హాలంతా నవ్వింది. నేను కుర్చీలో ఎంత చిన్నగా అవగలనో అంత చిన్నగా అయ్యాను.

ప్రార్థన అయ్యాక ఆంటీలు చుట్టూ చేరారు. తెలుగు రాయగలిగినవాళ్ళంతా డిగ్రీలవాళ్ళు. "నేను బీఎస్సీ నర్సింగ్ కదమ్మా." "మీ అంకుల్ ఎంకామ్." ట్వెల్త్ లోపు ఉన్నవాళ్ళంతా వాళ్ళ పిల్లలు. ఒక ఆంటీ కొడుకుని లాక్కొచ్చింది. "రేయ్, అక్కకి తెలుగు రాస్తావా?" వాడు బిక్కమొహం వేసి, "మమ్మీ, సమఝ్ లేతా హూ. లిఖ్నా కబ్ సిఖాయా ఆప్‌నే?" అన్నాడు. తెలుగు రాయడం నువ్వెప్పుడు నేర్పావని వాడడిగేసరికి ఆవిడ వాడి చెయ్యి వదిలేసింది. పదకొండో తరగతి చదివే ఒక అమ్మాయి వచ్చింది. నా పేరు రాయమంటే 'కరున' అని రాసి, రెండో మాట దగ్గర ఫోను తీసి వెతుక్కుంది.

అందరూ వెళ్ళిపోతున్నారు. వెనక బెంచీలో ఒకావిడ అయ్యగారి ప్రసంగం రాసుకున్న పొడుగాటి నోట్సు సంచిలో పెట్టుకుంటోంది. సువార్తక్క. అమ్మ వార్డులో ఆయా. మా దగ్గరికొచ్చి అమ్మతో కాకుండా నాతో అంది: "పాపా, ఇంటర్ తప్పినవాళ్ళు పనికొస్తారా?"

"టెన్త్ మెమో ఉందా అక్కా?"

"ట్రంకు పెట్టెలో ఉంది. ఇంటర్‌లో రెండు ఉండిపోయాయి గానీ, తెలుగులో మాత్రం ఎనభై రెండు."

నోట్సు చూపించింది. గుండ్రటి దస్తూరి, ఒత్తులు తప్పకుండా, కొట్టివేతలు లేకుండా.

ఇంటికొచ్చాక అమ్మ, "అది వద్దులే," అంది. "వార్డంతా చెప్పుకుంటుంది, సిస్టరుగారమ్మాయికి నేనే పరీక్ష రాశానని."

"చెప్పుకోనీ అమ్మా."

"నీకు చెయ్యి లేదనుకుంటారే."

"లేదు కదమ్మా," అన్నాను.

అమ్మ స్టవ్ వైపు తిరిగి చాలాసేపు పప్పు కలిపింది.

వార్డులో ఆయాల డ్యూటీలు వేసేది అమ్మే. పరీక్షలున్న ఆరు రోజులూ సువార్తక్క పేరు ఎదురుగా ఆఫ్ అని వేసింది. మేట్రన్ ఎందుకని అడిగితే, అందరి ముందూ, "మా అమ్మాయి చెయ్యి రాయదు మేడం, సువార్త రాసిపెడుతోంది," అందట. ఈ సంగతి అమ్మ నాకు చెప్పలేదు. సువార్తక్క చెప్పింది.

మొదటి పేపరు రోజు మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టారు. కెమిస్ట్రీ ల్యాబ్. సింకులు, పాత సీసాలు, మా ఇద్దరికీ ఒక బల్ల. ఇన్విజిలేటర్‌గారికి తెలుగు రాదు. సువార్తక్క చేత డిక్లరేషన్ మీద సంతకం పెట్టించి, "ఈమె ఏం చెబితే అదే రాయాలి. ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు, ఒక్క మాట తక్కువ ఉండకూడదు. లేకపోతే కేసవుతుంది," అని గట్టిగా చెప్పారు. సువార్తక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

రాయడానికి మనిషి దొరికితే చాలనుకున్నాను. చెప్పడం గురించి ఆలోచించలేదు. చేత్తో రాసేటప్పుడు వాక్యం ఎలా వస్తుందో నాకు తెలుసు. నోటితో ఎప్పుడూ ఒక వ్యాసం చెప్పలేదు. మొదటి వాక్యం గొణిగాను. "గట్టిగా చెప్పు పాపా, వినపడటం లేదు," అంది సువార్తక్క. మొదలుపెట్టి, తడబడి, మార్చి, మళ్ళీ మొదలుపెట్టాను. మెల్లగా దారిలో పడింది. ఆవిడ తలెత్తకుండా రాస్తూనే ఉంది. ఐదో పేజీ దగ్గర ఒకసారి చూద్దామని పేపరు నా వైపు తిప్పుకున్నాను.

గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "ఈ పద్యంలో కవి చెప్పదలచుకున్నది అయ్యో కాదు కాదు అది కొట్టెయ్యి అక్కా కవి ఉద్దేశం ఏమిటంటే ఆగు ఒక్క నిమిషం." ఇంకో పేజీలో, ఉపమాలంకారం మధ్యలో: "చెయ్యి నొప్పి పుడుతోందా అక్కా నీళ్ళు తాగుతావా."

నేనడిగినవన్నీ ఉన్నాయి. వాటికి ఆవిడ నాతో అన్న మాటలు లేవు. చదువుతుంటే ఖాళీ గదిలో ఎవరో ఒక్కరే కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుంది. ఆ గొంతు నాకు తెలుసు. పదేళ్ళుగా నా డైరీల్లో ఉన్నది అదే.

"ఇవన్నీ ఎందుకు రాశావక్కా?"

"నువ్వు చెప్పావు కదా పాపా. ఒక్క మాట తక్కువైనా కేసన్నారు కదా."

నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇన్విజిలేటర్‌గారు తలెత్తి, "క్యా హువా?" అన్నారు. కుచ్ నహీ సార్, అన్నాను, బయటికి వినిపించేలా. తర్వాత ఇద్దరం మొదటి పేజీ నుంచి ఒక్కో లైను చూస్తూ నేను చెప్పడం, ఆవిడ గీత కొట్టడం. అదనంగా ఇచ్చిన గంటలో చాలాభాగం దానికే పోయింది. చివరి ప్రశ్న సగంలో గంట కొట్టారు. మెట్రోలో సువార్తక్క, "నా వల్లే పోతుందా పాపా?" అని రెండుసార్లు అడిగింది. పోదన్నాను. నాకు తెలియదు.

రెండో పేపరుకి మధ్యలో రెండు రోజులున్నాయి. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి ముందు సువార్తక్క మా ఇంటికొచ్చింది. అమ్మ ఇంట్లో ఉంటే ఆవిడ కుర్చీలో కూర్చోదు. గుమ్మం పక్కనే నిలబడి, "సిస్టరుగారూ, ఒక మాట," అంది. "రౌండ్స్‌లో డాక్టరుగారు ఎన్నో అంటారు కదండీ. మీరన్నీ రాయరు. ఏది రాయాలో మీకెలా తెలుస్తుంది?"

అమ్మ ఆలోచించింది. "ఆయన చెయ్యి ఫైలు మీద పెట్టి చెబితే ఆర్డరు. చెయ్యి తీసి చెబితే ఉత్త మాట," అంది. అని, తనే ఒక కుర్చీ జరిపి, "కూర్చో సువార్తా, నిలబడి ఎలా రాస్తావు?" అంది.

అలా కుదిరింది. నా చెయ్యి బల్ల మీద ఉంటే రాయాలి. ఎత్తితే ఆగాలి. ఏ చెయ్యి అని సువార్తక్క అడిగింది. కుడిదే పెట్టాను. ఆ మధ్యాహ్నమంతా పాత ప్రశ్నపత్రం పెట్టుకుని సాధన చేశాం. అమ్మ టీ ఇచ్చి, పక్కన కూర్చుని, నేను చెయ్యి ఎత్తడం మర్చిపోయినప్పుడల్లా "కరుణా, చెయ్యి," అనేది.

మిగిలిన ఐదు పేపర్లూ అలాగే రాశాం. నా చెయ్యి బల్ల మీద వాలినప్పుడల్లా పక్కన పెన్ను కదిలేది.

ఫిబ్రవరిలో రిజల్టు వచ్చింది. ఐదింటిలో మంచి మార్కులు. మొదటి పేపరు పాసు మార్కుకి రెండు ఎక్కువ. ఒంటి గీతతో కొట్టేసిన అక్షరాలు కనబడుతూనే ఉంటాయి కాబట్టి, చెయ్యి నొప్పి పుడుతోందా అక్కా అన్న మాట దిద్దినవాళ్ళెవరో చదివే ఉంటారు.

ఇప్పుడు నాలుగు నెలలకోసారి ఇంజెక్షన్‌కి వెళ్తున్నాను. బాగున్న వారాల్లో అర పేజీ, లేని వారాల్లో సంతకం. ఇది ఫోన్లో, రోజుకి కొంత చొప్పున టైప్ చేశాను. ఎం.ఏ.లో చేరాను, అదీ దూరవిద్యే. సువార్తక్క మిగిలిన రెండు సబ్జెక్టులకి ఓపెన్ స్కూల్లో కట్టింది. ఆఫ్ ఉన్న రోజు మా ఇంటికొస్తుంది, నేను పాఠం చెబుతాను. మిగతా రోజులు మునుపటిలాగే ఉంటాయి. అమ్మ డ్యూటీకి వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. ఒంటరితనం తగ్గిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. డైరీలో ఇప్పుడు రోజుకి ఒక్క లైను రాస్తున్నాను. మంగళవారాలు 'ళ' దగ్గర ఇంకా కొంచెం ఆగాల్సొస్తుంది.

నాలాంటివాళ్ళు ఎవరైనా చదువుతుంటే, చెప్పగలిగింది ఒకటే. ఫారం, సంతకం, అనుమతి అన్నీ చేతికొచ్చాక పని అయిపోయిందనుకోకండి. పరీక్షకి ముందు మీకు రాసిపెట్టే మనిషితో కనీసం ఒక పూట పాత ప్రశ్నపత్రం పెట్టుకుని కూర్చోండి. మీరు గట్టిగా చెప్పండి, వాళ్ళని రాయనివ్వండి, రాసింది చదువుకోండి. ఏది పేపరు కోసం చెబుతున్నారో, ఏది వాళ్ళతో అంటున్నారో తెలియడానికి ఇద్దరికీ ఒక గుర్తు పెట్టుకోండి. మాకైతే, బల్ల మీద చెయ్యి.